పంటకొకసారి మా అన్న చెప్పే మాట

మొన్న ఆదివారం ఆరాధనలో మా బోగోలు పాస్టరుగారు తోబుట్టువులు ఎలా మెలగాలో చెబుతూ నన్ను ఉదాహరణగా ఎత్తుకున్నారు. మంచి భూమి అన్నకు వదిలేసి చౌడు నేల తాను తీసుకున్న చెల్లెలట. ఆ అన్న పంట పంటకూ కృతజ్ఞతతో ఆమె గడప తొక్కుతాడట. వెనక బెంచీలో ఎవరో ముక్కు కూడా చీదారు. ఊరంతా చెప్పుకునేదీ ఇదే. ఇందులో భూమి ఒక్కటే నిజం. నేను చేసింది త్యాగం కాదు, పగ తీర్చుకోవడం. అదీ బాగా ఆలోచించి.

నాన్న పోయాక ఆయన భూమి మా ఇద్దరిదీ. రోడ్డు వైపు రొయ్యల గుంటలు, ఉప్పుటేటి వైపు చౌడు. ఏళ్ల తరబడి అంతా అన్నే అనుభవించాడు. నా వాటా మాటెత్తితే వదిన కాఫీ తెచ్చేది, అన్న ఆకాశం చూసేవాడు. చివరికి సంఘ పెద్దల ముందు కూర్చోబెడితే, "దాన్ని డిగ్రీ దాకా చదివించినాం గదయ్యా. ఆ చదువే దాని వాటా" అన్నాడు. పెద్దలు తలలూపారు. ఆ ఊగిన తలలు నాకింకా కనబడుతూనే ఉన్నాయి. నాకు ఫీజులు కట్టింది నాన్న. అన్న చేసిందల్లా సైకిలు మీద తీసుకెళ్లి కావలి బస్సెక్కించడం, అదీ దారంతా సణుగుతూ.

నేను కోర్టు పేరెత్తాక పెద్దలు పాత పద్ధతికి దిగారు. పెద్దవాడు రెండు భాగాలు చేయాలి, చిన్నవాళ్లు ముందు కోరుకోవాలి. అన్న కర్రతో గీత గీశాడు. గుంటలున్నది చిన్న భాగం, చౌడు పెద్దది. "సముద్రం పక్కన రేపు రిసార్టులొస్తాయంట మే, చూసుకో" అని ఊరించాడు కూడా. నేను ఎటూ తేల్చుకోలేనట్టు కాసేపు కొంగు నలిపి, చౌడే కోరుకున్నాను. ఆ పూట వదిన నాకు చేపల పులుసు రెండోసారి వడ్డించింది.

ఆ చౌడులో తుమ్మచెట్ల చాటున ఒక పిల్లకాలువ ఉంది. ఏటి నుంచి గుంటలకు నీళ్లు వెళ్లే దారి అదొక్కటే. సెలవుల్లో నాన్న వెంట బురదలో దిగి, అరికాళ్లకు గుల్లలు గుచ్చుకుంటుంటే, పోటు వేళకు తూము పలక ఎత్తినదాన్ని నేను. అన్న గుంటలన్నీ బాగు చేసుకుని రొయ్యపిల్ల వదలడానికి సిద్ధమయ్యేదాకా ఆగి, ఆ కాలువ మూతిని మట్టితో పూడిపించాను.

పరుగున వచ్చాడు. "ఏంది మే ఇది? నీళ్లాపేస్తే నేనేం గావాల?"

"నీళ్లు నా వాటాలో ఉండాయన్నా. చదువుకున్నదాన్ని గదా, చూసే కోరుకున్నా."

తిట్టాడు, బతిమాలాడు, పెద్దల్ని తెచ్చాడు. నాది ఒక్కటే షరతు. రొయ్యపిల్ల వదిలే ముందు ప్రతిసారీ మా వాకిట్లో నిలబడి, పక్కింటివాళ్లు వినేలా, "నాన్న భూమిలో నా చెల్లెలికి వాటా ఉంది" అనాలి. అంటేనే మట్టి తీయిస్తాను. పంట కాగానే మళ్లీ పోయిస్తాను. ఏళ్లు గడిచి గొడవ మరుగున పడ్డాక, పాస్టరుగారికి కనబడిన కృతజ్ఞత ఇదే. మొదట్లో ఆ మాట నమిలి మింగేవాడు. "వినపళ్లేదన్నా" అనేదాన్ని.

ఈమధ్య అడక్కముందే గట్టిగా అనేసి, అరుగు మీద కూర్చుని కాఫీ అడుగుతున్నాడు. అదే నాకు మింగుడు పడటం లేదు. ఏళ్లు గడిస్తే పగ చల్లారుతుందంటారు. నాది చల్లారలేదు గానీ, దాని అడుగున ఒక అనుమానం చెమ్మలా ఊరుతోంది. ఆ ఏటి పక్కనే పుట్టి, ఆ నీళ్ల మీదే బతికిన మనిషికి, ఆ రోజు గీత గీస్తున్నప్పుడు కాలువ మూతి తాను నన్ను ఊరించిన చౌడులోనే పడుతుందని నిజంగా తెలియదా?