బొంబాయి పందేనికి వయా చందుర్తి

నలభై రెండు కిలోమీటర్లు ఉరకడం పెద్ద కష్టమేం కాదు. కోరుట్ల నుంచి బొంబాయి చేరడమే కష్టం. ఈ మాట ఇప్పుడంటే నవ్వుతారు. ఆ రోజుల్లో మా వైపు బతికినవాళ్లు మాత్రం నవ్వరు.

జగిత్యాల కాలేజీలో చదువుతుండగా పేపర్లో ఆ పందెం ప్రకటన చూశాను. అప్పటి నుంచి నాకు అదే పిచ్చి. పొద్దున్నే మల్లాపూర్ రోడ్డు మీద ఉరుకుతుంటే పోలీసులు రెండుసార్లు ఆపారు. "ఎవడూ తరమకుండ ఉరుకుడేందిరా?" అన్నాడొక కానిస్టేబుల్. వాడి తప్పేం లేదు. ఆ ఏండ్లలో రోడ్డు మీద ఉరికేవాళ్లు రెండు రకాలే. పోలీసులకు దొరకకుండా పారిపోయేవాళ్లు, అడవిలో ఫలానావాడు చచ్చిపోయాడని ఇంటికి కబురు మోసుకొచ్చేవాళ్లు. ఈ సంగతి మా ఊళ్లలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నాకు తెలియదా?

ప్రయాణం లెక్క వెనక నుంచి కట్టుకున్నాను. ఆదివారం పందెం. శనివారం నంబరు కాగితం తీసుకోవాలి. శుక్రవారానికి బొంబాయి పక్కన భీవండిలో మగ్గాల షెడ్డులో పనిచేసే మా మేనమామ దగ్గర పడాలి. అంటే గురువారం సాయంత్రం సిరిసిల్లలో నేత కార్మికులను భీవండికి తీసుకుపోయే బస్సు ఎక్కాలి. అది తప్పితే పందెం తప్పినట్టే. అమ్మ జొన్నరొట్టెలు కట్టింది, "బువ్వయితే పాసిపోతది బిడ్డా" అంటూ.

సరిగ్గా గురువారమే అన్నలు, అంటే నక్సలైట్లు, బంద్‌కు పిలుపిచ్చారు. ఏ బస్సూ కదలదు. సిరిసిల్ల బస్సు మాత్రం పొద్దుగూకాక బయలుదేరుతుందని తెలిసింది. చిన్నాన్న సైకిల్ అడిగి తీసుకుని తెల్లారగానే కోరుట్లలో బయలుదేరాను. చందుర్తి దాటాక వెనక టైరు పేలింది. బంద్ రోజు పంక్చర్ ఎవడు వేస్తాడు? తాటివనం పక్కన కల్లు గీసే ఒక గౌడన్న గుడిసె కనిపిస్తే సైకిల్ అక్కడ పెట్టి, బ్యాగు వీపుకు బిగించుకుని ఉరకడం మొదలుపెట్టాను.

మిట్టమధ్యాహ్నం ఒక ఊళ్లోకి అలాగే ఉరుక్కుంటూ వెళ్లాను. మొదటి ఇంటి తలుపు మూసుకుంది. తర్వాత దాని పక్కది. కంటికి కనబడని వాడెవడో నా కంటే ముందు ఉరుకుతూ ఒక్కొక్కటే మూసుకుంటూ పోతున్నట్టు, వాడ పొడుగునా గొళ్లేలు పడ్డాయి. కుక్క కూడా మొరగలేదు. నా బూట్ల చప్పుడు నాకే వినబడింది. అయినా ఆగానా? ఆగలేదు.

ఒక్క తలుపే తెరిచి ఉంది. గడప దగ్గర ఒక ముసలామె బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టింది.

"ఏ గుట్టల, కొడుకా?" అంది.

నన్ను చావు కబురు మోసుకొచ్చినవాడనుకుంది. ఆమె కొడుకు అడవిలో అన్నలతో ఉన్నాడని ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

"అవ్వా, నేను గా పని మీద రాలే. పందేనికి ఉరుకుతున్న. బొంబాయిల పందెం."

ఆమె చావింట్లో విప్పుకున్నట్టు జుట్టు ముడి విప్పుకుంది. మూసిన తలుపులు తెరుచుకుని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. ఎవరూ ఏడవలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. ఒక ముసలాయన నన్ను పక్కకు తీసుకుపోయి చెంబుతో నీళ్లిచ్చాడు.

"మంచిగ జెప్పినవ్. ఎవ్వలడిగినా గట్లనే చెప్పు, బొంబాయి పందెమని."

"నిజమే చెప్తున్న తాతా."

"ఆ, నిజమే. ఇగ పో. పోలీసోళ్లు అచ్చేటి యాళ్లయింది."

బ్యాగులో ప్రకటన కాగితం ఉంది. ఒక గంట కూర్చుని, అది చూపించి, ఒట్టు పెట్టి చెప్పి ఉంటే నమ్మేవాళ్లేమో. కానీ బస్సు. నా దిక్కుమాలిన బుద్ధికి బస్సే కనబడింది. మళ్లీ ఉరికాను. ఊరు దాటాక వెనక నుంచి ఏడుపు ఒక్కసారిగా లేచింది.

బస్సు అందింది. పందెమూ పూర్తి చేశాను. బొంబాయిలో నన్ను చూసి ఎవరూ తలుపులు వేసుకోలేదు, రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు ఆ చప్పట్లంటేనే భయమనిపించింది.

తర్వాతి వారం సైకిల్ కోసం వెళ్లాను. గౌడన్న నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"గా దినం ఊర్ల ఉరికింది నువ్వేనా? కొడుకు సచ్చిండని తల్లి అన్నం ముడుతలేదని అడివి దాక కబురు పోయింది. బతికే ఉన్ననని మొకం జూపెట్టేటందుకు మూడోనాడు ఇంటికచ్చిండు. గా కబురు పోలీసోళ్లకు గూడ పోయింది గదా. ఇంటెనుక చేన్ల వాణ్ణి కాల్చి సంపిండ్రు."

సైకిల్ అక్కడే వదిలేసి ఆమె ఇంటికి నడిచి వెళ్లాను. తప్పు ఒప్పుకోవాలి, తిట్టినా కొట్టినా పడాలి అనుకున్నాను. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"నా వల్లనే అవ్వా," అన్నాను.

"అవు కొడుకా, నీ వల్లనే," అంది నెమ్మదిగా. "నువ్వు ఉరికి రాకపోతే వాడు అచ్చేటోడా? ఆరేండ్లాయె వాని మొకం జూడక. గా పూట నా ముంగట గూసొని కడుపునిండ బువ్వ తిన్నడు."

నన్ను కూడా కూర్చోమని కంచం పెట్టింది. వద్దనలేక తిన్నాను.