ఆవు మెడ లోపలి బొమ్మ

రాయడం నాకు కొత్త. నా బడి ఐదో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే మన్నించండి. మా ఆవు సంగతి ఎవరికైనా చెప్పకపోతే మాత్రం నా కడుపుమంట చల్లారేలా లేదు.

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. నేను జీడిపిక్కల ఫ్యాక్టరీలో పప్పు మీద పొర తీసే పనికి వెళ్తాను. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్త, ఒక ఎర్రావు. దాన్ని పెయ్యగా ఉన్నప్పుడు నేనే తెచ్చుకున్నాను. పని నుంచి వస్తుంటే నా చెప్పుల చప్పుడుకే చెవులు నిక్కిస్తుంది. దానికి మెడ కింద గడ్డ లేచింది. మొదట చింతపిక్కంత. చూస్తుండగానే నిమ్మకాయంత అయ్యింది.

టెక్కలిలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి నెలకోసారి స్కానింగు మిషను వస్తుందని తెలిసి, లగేజీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లాం. ఆమె గడ్డని నొక్కి చూసింది.

"ఇది చీముగడ్డ కాదు, కంతి. కోసి తీయొచ్చు. కానీ పక్కనే పెద్ద రక్తనాళం ఉంది. కంతి దాన్ని అంటుకుందా, మధ్యలో సందుందా అన్నది చూడాలి. సందుంటే ఆవు బతుకుతుంది."

అంటే గడ్డ ఒక్కటీ కనబడితే చాలదు. దాని చుట్టూ ఏముందో కూడా కనబడాలి. నేను తలూపాను.

వెంట్రుకలు గీయబోయి ఆవిడ ఆగిపోయింది. గడ్డ మీద నల్లగా పొక్కు కట్టి ఉంది.

"ఇదేంటమ్మా, కాలిందా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఆటో వైపు చూశాడు.

"మాయమ్మ పిక్క నూనె రాసినాది మేడం," అన్నాడు నెమ్మదిగా.

జీడిపిక్క తొక్కలోంచి కారే నల్లటి నూనె అది. ఒంటికి తగిలితే బొబ్బలెక్కిపోతుంది. మా వైపు ఆనెలకీ పులిపిర్లకీ అదే రాస్తారు. గడ్డని కూడా తినేస్తుందని మా అత్త అనుకుంది.

డాక్టరమ్మ జెల్లీ పూసి మిషను ఆనించగానే ఆవు మంటకి మా ఆయన్ని ఈడ్చుకుపోయింది. మళ్లీ పట్టి తెచ్చాం. తెర మీద అంతా నలుపే.

"పుండు మీద బొమ్మ రాదు. చర్మం మానాక తీసుకురండి. మీకు దండం పెడతాను, కొబ్బరినూనె తప్ప ఇంకేం రాయకండి."

ఇంటికొచ్చి అత్తని అడిగాను.

"ఏటత్తా, సెప్పకుండా రాసీసినావు?"

"నీకేటి తెలుసే పిల్లా! మీ మావ కాలి మీద పులిపిరి దీంతోనే రాలిపోనాది."

"అది పులిపిరి. ఇది కంతి."

"రెండూ తోలు మీద లేసినవే గదేటి!"



కొన్నాళ్లకి పొక్కు ఊడి పడింది. వీధంతా వచ్చి చూశారు. పక్కింటి ముసలమ్మ దాన్ని పుల్లతో తిప్పి, "ఓలమ్మో, గడ్డ ఊడిపోతంది! ఇంకోపాలి రాత్తే సాలు," అంది. అది పైతోలే, గడ్డ లోపలే ఉందని నేను మొత్తుకున్నాను. ఎవరు వింటారు? నేను పనికెళ్లాక అత్త మళ్లీ రాసేసింది. సాయంత్రం గుమ్మంలో ఉండగానే వాసన తగిలింది. సబ్బుతో కడిగాను, ఏడ్చాను, తిట్టాను. అప్పటికే బొబ్బ లేచిపోయింది. ఆ నెల మిషను వచ్చింది, వెళ్లిపోయింది. నూనె డబ్బా తోటలో గొయ్యి తీసి పాతేశాను. అత్త నాతో మాటలు మానేసింది.

పుండు మానాక మళ్లీ వెళ్లాం. ఈసారి బొమ్మ బాగా వచ్చింది. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపించింది. నల్లటి గొట్టంలాంటిది రక్తనాళం. బూడిదరంగు ముద్ద కంతి.

"సందేది మేడం?" అన్నాను.

ఆవిడ మిషనుని పైకీ కిందకీ జరిపి చాలాసేపు వెతికింది.

"లేదమ్మా. చుట్టేసింది. కత్తి పెడితే రక్తం ఆపలేను."

"మొదటిపాలి వచ్చినప్పుడు ఉండేదేటి?"

"అప్పటి బొమ్మ లేదు కదమ్మా. ఎలా చెప్పను?"

ఈ మాటే నాకు మింగుడు పడటం లేదు. అప్పుడు సందు ఉండేది అని ఆవిడ అంటే అత్తని నాలుగు మాటలనేదాన్ని. అప్పుడూ లేదు అంటే అత్తని వదిలేసేదాన్ని. ఇప్పుడు రెండూ కాదు.

ఆటో దిగేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. నన్ను పలకరించకుండా నేరుగా ఆవు దగ్గరికి పోయింది. మెడ మీద ఎండిన జెల్లీని చీర చెంగుతో తుడుస్తూ, ఇన్నాళ్లకి నోరు విప్పింది.

"ఇదేటి, మందా?"

"మందు కాదత్తా. లోపల సూడ్డానికి రాసినారు."

"మరి సూసినారా?"

"సూసినారు."

ఏం కనబడిందని అత్త అడగలేదు. మొత్తం పోయేదాకా తుడుస్తూనే ఉంది. ఆవు మెడ చాపి హాయిగా నిలబడింది. నేను కుడితి కలపడానికి లోపలికి వెళ్లిపోయాను.