కాదనడం రాని క్లాసు

యాంగోన్‌లో పాఠం చెప్పిన ఆ వానాకాలాన్ని తలుచుకుంటే, ఆ రోజులన్నీ నేను మెలకువగా ఉండే గడిపానా అని నాకే అనుమానం వస్తుంది. పొద్దున వాన, మధ్యాహ్నం వాన, మధ్యలో కాసేపు నది వైపు నుంచి పాలు కలిపినట్టు ఒక వెలుగు, మళ్లీ వాన. బట్టలు ఆరేవి కావు. పుస్తకాలు మెత్తబడిపోయాయి. నా కోపం కూడా కాస్త మెత్తబడిందని మా ఇంట్లోవాళ్లు అంటారు గానీ నేను ఒప్పుకోను.

మా విశాఖపట్నం కాలేజీకీ అక్కడి ఒక విశ్వవిద్యాలయానికీ మధ్య ఒక ఏర్పాటు ఉంది. మా దగ్గర నుంచి ఒకరు కొన్ని వారాలు అక్కడికి వెళ్లి పాఠం చెప్పాలి. ఆ తర్వాత అక్కడి నుంచి ఒకరు వచ్చి మా పిల్లలకు చెప్పాలి. నాది భూగోళశాస్త్రం. నన్ను పంపడంలో మా ప్రిన్సిపాల్‌కు చదువు మీద ప్రేమ ఎంతో, నా నోటికి కొన్నాళ్లు దూరంగా ఉండాలన్న కోరిక కూడా అంతే ఉందని స్టాఫ్ రూమ్‌లో చెప్పుకున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నాకు ఊరే మార్చేశారు.

మింగళాడోన్ విమానాశ్రయంలో నన్ను కలుసుకున్న అమ్మాయి అదే శాఖలో లెక్చరర్. నేను ఇంగ్లీషులో చెప్పింది బర్మీస్‌లో పిల్లలకు చెప్పే పని ఆమెది. తెలుగింటి పిల్లే. ముత్తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చిన కుటుంబం, ఇప్పుడు ఊళ్లోనే లమ్మడా పేటలో పప్పులూ మసాలా దినుసులూ అమ్మే దుకాణం నడుపుతున్నారు. దుకాణం పైన ఇరుకు మెట్లెక్కితే వాళ్ల ఇల్లు. నేనున్నది ఆ ఇంట్లోనే. ఆమెకు తెలుగు మొత్తం అర్థమవుతుంది. మాట్లాడమంటే మాత్రం నవ్వి, ఇంగ్లీషులోకి జారుకునేది. ఆ ఇంట్లో నోరారా తెలుగు మాట్లాడేది వాళ్ల మామ్మగారు ఒక్కరే.

ఇక క్లాసు సంగతి. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ లేచి, చేతులు కట్టుకుని, ఒకే గొంతుతో "మింగలాబా, సయామా" అనేవాళ్లు. సయామా అంటే పంతులమ్మ. నా ముందు నుంచి నడవాల్సి వస్తే నడుం వంచి, తల నా తల కంటే కిందికి దించుకుని వెళ్లేవాళ్లు. గురువుకు దేవుడి పక్కనే పీట వేసే దేశం అది. విశాఖలో నా విద్యార్థులు భుజం తగిలించి వెళ్తూ వెనక్కి తిరిగి కూడా చూడరు. అందుకని మొదటి వారమంతా గాల్లో తేలాను.

"అర్థమైందా?" అని అడిగితే, "అవును సయామా."

"మళ్లీ చెప్పనా?"

"అవును సయామా."

"చెప్పకుండా ముందుకు పోనా?"

"అవును సయామా."

రెండో వారానికి నా ఒళ్లు మండింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క ఎదురు మాట లేదు. పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టకూడదనీ, వాళ్ల మాట తప్పనిపించినా తప్పనకూడదనీ వాళ్లకు చిన్నప్పటి నుంచీ ఒంటపట్టిన మర్యాద ఒకటి ఉంది. దాన్ని వాళ్లు ఆనాదె అంటారు. మన మొహమాటానికి అది మేనమామ కూతురు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది. పెద్దల ముందు దాన్ని సగంలోనే ఆపేస్తారు, నేనూ ఆపేస్తాను.

ఆపుకోలేనిది నా కోపం. ఒకరోజు, "మీరు మనుషులా, గోడకు తగిలించిన బొమ్మలా?" అని గట్టిగానే కేకలేశాను. నా పక్కనున్న అమ్మాయి ఒక్క క్షణం ఆగి, మెత్తటి గొంతుతో బర్మీస్‌లో ఏదో చెప్పింది. క్లాసంతా నా వైపు చూసి సిగ్గుపడుతూ నవ్వింది. నా జన్మలో ఏ తిట్టుకూ అంత తియ్యటి నవ్వులు కాయలేదు. మర్నాడు నా బల్ల మీద ఎవరో మల్లెపూల దండ కూడా పెట్టారు.

ఆ గుట్టు విప్పింది మామ్మగారే. రాత్రి అన్నాలు తింటుంటే కిసుక్కున నవ్వారు.

"ఏటమ్మా, రోజూ పిల్లల్ని తిడతన్నావట గదా?"

"అవునండీ. ఏం లాభం, వాళ్లకు చీమ కుట్టినట్టైనా లేదు."

"ఎలగుంటాది? నువ్వు తిట్టినట్టు ఆళ్లకి తెలిస్తే గదా! నువ్వు బొమ్మలన్నావట. ఇదేమో, మీరు బొమ్మల్లాగ ముద్దుగున్నారని సయామా అంటన్నాదని సెప్పిందట. ఇదే నాకు సెప్పింది."

నేను చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని మనవరాలి వైపు చూశాను. ఆమె చెవుల దాకా ఎర్రబడి, గ్లాసులో నీళ్లున్నా మళ్లీ పోస్తోంది.

"దీనికి కాదనడం రాదమ్మా," అన్నారు మామ్మగారు. "ఎవుళ్లనీ నొప్పించలేదు. నా నోరు దీనికి పిసరంతైనా రాలేదు. రంగంలో పుట్టినోళ్లంతా ఇంతే."

రంగం అంటే ఈ యాంగోనే, ఆవిడ పుట్టింది కూడా ఇక్కడే. ఆ సంగతి గుర్తు చేస్తే, "నాది పాతకాలం రంగంలే," అన్నారు. కోప్పడదామనే అనుకున్నాను. నవ్వొచ్చేసింది. ఇన్నాళ్లూ నేను తిట్టిన తిట్లన్నీ దీవెనలై ఆ పిల్లల మీద పడుతున్నాయన్నమాట.

ఒక ఆదివారం సాయంత్రం వాన తెరిపిచ్చాక ఇద్దరం బోటాటౌంగ్ రేవు దాకా నడిచాం. పోటు మీదున్న నది ఎర్రగా, నిండుగా, నిద్రలో ఒత్తిగిల్లినట్టు కదులుతోంది. అవతలి ఒడ్డు కనిపించీ కనిపించనట్టుంది. పడవలు నీళ్లలో ఉన్నాయో ఆకాశంలో ఉన్నాయో తెలియడం లేదు. అక్కడ కూర్చుని ఆమె తన మనసులో ఉన్నది ఇంగ్లీషులో ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చెప్పింది. మా కాలేజీకి వచ్చే అవకాశం వాళ్ల శాఖలో ఒక్కరికే ఉంది. ఒక సీనియర్ ఆయన పేరూ తన పేరూ అనుకుంటున్నారట. ఆయనకే వెళ్తుందని అందరూ అంటున్నారట.

"నీకు రావాలని ఉందా?"

"అవును సయామా."

"మీ ముత్తాత ఊరు చూడొచ్చు."

"అవును సయామా," అని అలవాటుగా అనేసింది. వెంటనే సర్దుకుని, అసలు కారణం వేరే ఉందంది. మా విద్యార్థులు నాతో ఎలా వాదిస్తారో, తప్పు చెబితే ఎలా పట్టుకుంటారో వచ్చినప్పటి నుంచీ నేను సణుగుతూనే ఉన్నానట. తనకు చూడాల్సింది అదేనట. "ఇక్కడ నా తప్పు నాకు ఎవరూ చెప్పరు. అందరూ వంగి దణ్ణం పెడతారు. నేను మంచి టీచర్నో కాదో నాకు తెలియదు. ఎవరైనా ముఖం మీద కాదంటే నిలబడగలనో లేదో తెలుసుకోవాలి," అంది.

పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్న నన్ను నేను ఒక్కసారీ వేసుకోలేదు. ఆ సాయంత్రం నుంచి ఆ పిల్లంటే నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది.

మర్నాడే వాళ్ల శాఖ హెడ్ దగ్గరికి వెళ్లి, ఈ అమ్మాయినే పంపమని అడిగాను. హెడ్‌గారు పెద్దావిడ, మెల్లగా మాట్లాడే మనిషి. ఈ అమ్మాయికి చదువు చెప్పింది కూడా ఆవిడే. "చాలా మంచిది. అదే నా భయం," అన్నారు. "మీ క్లాసుల గురించి మీరే చెప్పారు. ఎదురు మాట వస్తే ఏడుస్తుంది. ఎదురు మాట అనమంటే అసలే అనలేదు. ఒక పూట తనను ఒంటరిగా చెప్పనివ్వండి. మీరూ నేనూ చూద్దాం. తర్వాతే నిర్ణయం."

అలా నా ఆఖరి వారంలో ఆమెకు ఆ పరీక్ష వచ్చి పడింది. దాంట్లోనూ చిక్కే. హెడ్‌గారికి వేదిక మీదే ఒక పక్కగా కుర్చీ వేశారు. నేను వెనక బెంచీలో కూర్చుంటానన్నాను. తాను వేదిక మీద నిలబడి, సయామాను కింద బెంచీలో కూర్చోబెట్టడమా? ఆమెకు ముందురోజు రాత్రి నిద్ర పట్టలేదట. పొద్దున చూద్దును కదా, దుకాణంలో పై అరల్లోని డబ్బాలు దించడానికి వాడే పొడుగుకాళ్ల స్టూలును టాక్సీలో వేసుకొచ్చింది. నా తల ఆమె తల కంటే ఎత్తుగా ఉండాలి. గది వెనక, కిటికీ పక్కన, కాళ్లు నేలకానకుండా కరెంటు స్తంభం మీద కాకిలా కూర్చున్నాను.

పాఠం రుతుపవనాలు. బోర్డు మీద బంగాళాఖాతం గీసి, ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ గీసి, బర్మీస్‌లో మొదలుపెట్టింది. కాసేపటికి కరెంటు పోయింది. ఫాన్ ఆగి గది మసకబారింది. వాన చప్పుడు పెద్దదై మాటల్ని కప్పేసింది. అర్థం కాని భాష, ఆగని వాన, గోడకు ఆనిన తల. బర్మీస్ మాటల కింద మామ్మగారి యాస ఏదో సన్నగా వినిపిస్తున్నట్టనిపించింది. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు. నేను మా కాలేజీలో ఉన్నాను. కిటికీ అవతల మా సముద్రం. తుపాను పట్టింది. ఎవరో పాఠం అప్పజెబుతున్నారు. కళ్లు సగం తెరిస్తే బోర్డు మీద ఇంగ్లీషులో "ఎక్కువ వాన ఏ నెలలో?" అని రాసి ఉంది, దాని కింద జులై అని. క్లాసు నోరు మెదపడం లేదు.

"అక్టోబరు!" అని అరిచాను, తెలుగులో. "మన ఒడ్డుకి పెద్ద వానలు అక్టోబరులో కదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి!"

అందరూ వెనక్కి తిరిగారు. హెడ్‌గారు కూడా. సుద్దముక్క పట్టుకుని ఆమె నా వైపు చూస్తోంది. ఇప్పుడు 'అవును సయామా' అంటుంది, జులై చెరిపేసి అక్టోబరు రాస్తుంది, పరీక్ష అక్కడితో అయిపోతుంది. నోరు జారింది నాది, పోయేది ఆమె ప్రయాణం.

"కాదు," అంది ఆమె. తెలుగులోనే. "కాదు సయామా, అది మీ ఒడ్డు. ఈ ఒడ్డున వాన ఇప్పుడే. కిటికీలోంచి సూడండి. మీరింకా ఇశాపట్నంలోనే ఉన్నారు."

చూశాను. వాన నా భుజం మీదికే కొడుతోంది. జాకెట్టు సగం తడిసింది.

భాష తెలియకపోయినా, సయామాకు ఎదురు చెప్పిందని పిల్లలకు అర్థమైంది. తల దించుకున్నారు. హెడ్‌గారు లేచి, ఏమన్నావని కాబోలు, బర్మీస్‌లో అడిగారు. ఆమె చెప్పింది. మధ్యలో ఎక్కడా గొంతు మెత్తబడలేదు. విశాఖపట్నం, అక్టోబరు అన్న మాటలు నాకూ వినిపించాయి. చివరి బెంచీలో ఎవరికో నవ్వు ఆగలేదు. ఆ నవ్వు ముందు బెంచీల దాకా పాకింది. అప్పుడు గాని ఆమెకు తానేం చేసిందో తెలియలేదు. ముఖం పాలిపోయింది. క్షమించమని నా ముందు మోకరిల్లడానికి వేదిక దిగింది.

నేను ఆ స్టూలు మీద నుంచి పడబోయి, నిలదొక్కుకుని, ఎదురెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "తప్పు నాదే," అన్నాను హెడ్‌గారితో ఇంగ్లీషులో. "ఆమె చెప్పిందే సరి. జులై ఉండనివ్వండి."

హెడ్‌గారు తన శిష్యురాలి వైపు తిరిగారు. ఆవిడకు కోపమొచ్చిందో, గర్వంగా ఉందో నేను పోల్చుకోలేకపోయాను. తర్వాత నాకూ తెలియాలని కాబోలు, ఇంగ్లీషులోనే అడిగారు.

"విశాఖపట్నం వెళ్తావా?"

"అవును," అంది ఆమె.

వచ్చినప్పటి నుంచీ ఆమె నోట ఆ మాట రోజంతా వింటూనే ఉన్నాను. నమ్మింది మాత్రం ఆ రోజే.