బాగ్దాద్‌లో నేను మూసిన తూము

పోయిన నెల మా అమ్మాయి నా పాస్‌పోర్టు పట్టుకుపోయింది. జెరాక్సు తీయించి మర్నాడే పంపిస్తానని చెప్పి, ఊరగాయ సీసాల మధ్య దాన్ని చేతిసంచిలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కింది. కడపలో జెరాక్సు మిషన్లు లేవా అని నాకు ఆ క్షణాన తోచలేదు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. ఫోను చేస్తే బడిలో పరీక్షలంటుంది, తలనొప్పంటుంది, పాస్‌పోర్టు ఊసు మాత్రం ఎత్తదు. డెబ్బై రెండేళ్ల మనిషి కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆ మనిషి కూడా లోపలే ఉండిపోతాడని ఆమె ఆలోచన.

ఇంతకూ నేను చేసిన నేరం బాగ్దాద్ పోతాననడం. ఆ మాట బయటపడిన రోజు నుంచి మా అన్న కొడుకు పాత వీడియోలన్నీ వెతికి వెతికి నా ఫోనుకు పంపుతున్నాడు. పొగ, కాలిన కార్లు, పరుగెత్తే జనం. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులు మా వసారాలో కూర్చుని మజ్జిగ తాగి, "ఏం పెద్దాయనా, కాశీకి పోవాల్సిన వయసులో యాడికి పోతాండావు?" అన్నాడు. కాశీలో నేను బండలు పరచలేదప్పా అన్నాను. అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే నలభై ఏళ్లు వెనక్కి పోవాలి, అతనికి అంత తీరిక లేదు. మీకు ఉందనుకుంటాను.

నేను బడిలో చదివింది మూడో తరగతి. మాది ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనులున్న ఊరు. బయటివాళ్లు కడప బండ అనేది ఆ రాయినే. బండల మీద సుద్దముక్కతో కొలతలు రాస్తూ అంకెలు, పొట్లాల కాగితాలు విప్పుతూ అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత్తర్వాత కడప గ్రంథాలయంలో నేను అడగని పుస్తకం లేదు, అది వేరే సంగతి. ఇరవై ఐదేళ్లకే బండలు పరిచే మేస్త్రీనని పేరొచ్చింది. కానీ అప్పట్లో మా ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండేది. పార్టీ అంటే ఓట్ల పార్టీ కాదు, వేటకొడవళ్ల పార్టీ. ఏదో ఒక పక్కన ఉన్నవాడికి ఒక్క పక్క నుంచే భయం. ఏ పక్కా లేనివాడికి రెండు పక్కల నుంచీ భయం. నాకు బండ మీద ఉలి పెట్టడం తెలుసు గానీ మనిషి మీద చెయ్యెత్తడం రాదు. ఒక కంపెనీ వాళ్లు బాగ్దాద్‌లో పెద్ద కట్టడానికి బండపని మేస్త్రీలు కావాలని మనుషుల్ని వెతుకుతూ వచ్చినప్పుడు పేరు రాయించుకున్నాను. అది ఏ దిక్కున ఉందో తెలియదు. మా ఊరు కాకపోతే చాలనుకున్నాను.

దిగిన రోజు ఎండ చూసి మాతో వచ్చిన కోస్తా మేస్త్రీలు కళ్లు తేలేశారు. నాకు మాత్రం సొంత పిన్నమ్మ ఇంటికి వచ్చినట్టు అనిపించింది. ఎర్రగుంట్లలో రోహిణి కార్తె చూసినవాడిని ఏ ఎండ ఏం చేస్తుంది? ఊరి మధ్యన నది. మా వైపు ఏటికి వేసవిలో ఇసుకే మిగులుతుంది. ఆ నది మాత్రం ఎంత ఎండ కాసినా ఒడ్డులొరుసుకుంటూ, చాయ్ రంగులో, తొందర లేకుండా పోయేది. సాయంత్రం గట్టు మీద పెద్ద పెద్ద చేపల్ని వీపు దగ్గర చీల్చి, పుస్తకం తెరిచినట్టు తెరిచి, పుల్లలకు గుచ్చి మంట చుట్టూ నిలబెట్టేవాళ్లు. చేప మంటలో కాలదు, మంటను చూస్తూ కాలుతుంది. గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరా ఎవరూ విసుక్కోరు. మీద రెండో అంతస్తున్న ఎర్ర బస్సులు, నడుము సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసుల్లో నల్లటి చాయ్, పొద్దున్నే పొయ్యి నుంచి తీసిన పడవ ఆకారపు రొట్టె. అన్నిటికంటే నాకు ఇష్టమైంది పాత పుస్తకాల సందు. శుక్రవారం సెలవు. ఆ రోజు సందు పొడవునా నేల మీదే పుస్తకాలు పరిచేవాళ్లు. నాకు ఆ లిపిలో ఒక్క అక్షరం రాదు. అయినా బండ పనివాడిని కదా, వాళ్లు పుస్తకాలు పరిచిన వరసలు చూడటానికే పోయేవాణ్ణి. ఒక ముసలి అంగడాయన నన్ను నాలుగు శుక్రవారాలు గమనించి, అయిదో శుక్రవారం చిన్నపిల్లల బొమ్మల వాచకం ఒకటి చేతిలో పెట్టాడు. దానిమ్మ బొమ్మ, దాని కింద దానిమ్మ. ఇల్లు బొమ్మ, దాని కింద ఇల్లు. మూడో తరగతి తర్వాత నేను చేరిన బడి అదే.

మా కట్టడం వెనక సందులోనే ఒక పెద్దమ్మ ఇల్లుండేది. అరవై దాటిన మనిషి, భర్త లేడు, కొడుకు యుద్ధంలో ఉన్నాడు. పక్క దేశంతో యుద్ధం నడిచే రోజులవి. ఇంటి నడుమ ఆకాశం కనిపించే పెద్ద వాకిలి, చుట్టూ గదులు. వాకిట్లో ఇటుకలు పగిలిపోయాయి, బండలు పరిచిపెట్టమని మా సూపర్‌వైజరు ద్వారా అడిగింది. శుక్రవారాల్లో ఒప్పుకున్నాను. అయిదు శుక్రవారాలు ఒళ్లు దాచుకోకుండా చేశాను. నేను నా జన్మలో అంత సన్నటి అతుకులతో బండలు పరచలేదు. పని ముగిసిన రోజు, మా పద్ధతి ప్రకారం, నేల పనితనం చూపించడానికి బిందెడు నీళ్లు తెచ్చి వాకిట్లో కుమ్మరించాను.

ఇక్కడొక మాట చెప్పాలి. నీళ్లు నిలవకుండా నేలను కంటికి కనిపించనంత వాలుగా పరచడాన్ని మేము వాటం ఇవ్వడం అంటాం. మా వైపు వాటం ఎప్పుడూ వీధి గుమ్మానికే. ఇల్లు కడిగితే నీళ్లు గడప దాటి బయటికి పోవాలి. చేతులు వాటంతటవే అలా పరుస్తాయి, బుద్ధిని అడగవు. ఆమె ఇంట్లో వాకిలి నడిబొడ్డున ఒక తుప్పు పట్టిన ఇనుప జల్లెడ ఉండేది. దాని మీద ఎప్పుడూ ఒక పూలకుండీ. పాత చెత్త ఏదో అనుకుని నేను ఆ జల్లెడను పెరికి పారేసి, ఆ చోట నాలుగడుగుల బండ వేసి కూర్చోబెట్టాను. అది తూమని, ఆ ఊళ్లో ఇళ్లన్నిటికీ నీళ్లు నడుమకే పారుతాయని నాకెలా తెలుస్తుంది? బిందెడు నీళ్లూ బాణంలా వీధి తలుపు కేసి పోయాయి. గడప దాటాయి. బయట పీట మీద కూర్చుని చాయ్ తాగుతున్న పక్కింటి ముసలాయన చెప్పులు తేలిపోయాయి. ఆయన లేచి అరిచిన అరుపులకు నాకు అర్థం అక్కర్లేదు, మా ఊళ్లో కూడా సరిగ్గా అలాగే తిడతారు. పెద్దమ్మ మెట్టు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కొడుకు యుద్ధానికి పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారని ఆ తిట్టిన ముసలాయనే నాకు తర్వాత చెప్పాడు.

మళ్లీ పీకి పరుస్తానన్నాను. వద్దంది. సందు రోజూ కడిగినట్టవుతుంది పోనీ అంది. ఆ తర్వాత శుక్రవారాల్లో పని లేకపోయినా వాళ్లింటికి పోయేవాణ్ణి. ఒక సాయంత్రం నేనక్కడ ఉండగానే సైరను మోగింది. ఆమె నన్ను మెట్ల కిందికి లాగి, పక్కన కూర్చుని, నా ఊరి గురించి అడిగింది. వాచకంలో నేర్చుకున్న మాటలతో, చేతులతో నాకు తోచినట్టు చెప్పాను. మాకూ బాంబులున్నాయి, పీచు చుట్టి ఇంట్లోనే చేస్తారు, ఒక పక్కవాళ్లు ఇంకో పక్కవాళ్ల మీద వేస్తారు, బస్సు దిగేటప్పుడు కూడా చూసుకుని దిగాలి అని. ఎక్కడో దూరంగా ఏదో పడింది, నేల అదిరింది. ఆమె ఆ శబ్దాన్ని పట్టించుకోలేదు. నా తల మీద చెయ్యి వేసి, అంత భయంకరమైన ఊరికి మళ్లీ ఎందుకు పోతావు కొడుకా, హాయిగా ఇక్కడే ఉండిపో అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఊరు మంచిదేనమ్మా, నువ్వొకసారి వచ్చి చూస్తే తెలుస్తుంది అన్నాను. అంటుంటే నాకే ఆశ్చర్యమేసింది. పారిపోయి వచ్చినవాణ్ణి, ఆ ఊరినే వెనకేసుకొస్తున్నాను.

రెండేళ్లకు ఒప్పందం ముగిసింది. వచ్చేసే ముందు శుక్రవారం ఉలి, సుత్తి తీసుకుని వాళ్లింటికి పోయాను, ఆ నడిమి బండ తీసి తూము తెరిచి పోతానని. ఆమె ఆ బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇప్పుడు బాగుచేస్తే నువ్వు మళ్లీ రావు, వచ్చినప్పుడు చేద్దువులే అంది. వస్తానన్నాను. నలభై ఏళ్లయింది.

ఈ నలభై ఏళ్లలో ఆ ఊరి మీద ఏమేం పడ్డాయో నాకు తెలియదా? బాంబులు అబద్ధమని నేను ఎవరితోనూ వాదించను. ఆ పుస్తకాల సందులోనే ఒకసారి పేలింది. టీవీలో చూపించారు. కాలిన కాగితాలు నల్లటి కాకుల్లా గాలిలో తిరుగుతున్నాయి. ఆ రోజు నేను అన్నం తినలేదు, మా ఇంటామె కూడా ఎందుకని అడగలేదు. ఆ అంగడాయన అప్పటికి ఉన్నాడో లేడో. చంపినవాళ్ల మీద కోపం ఎలాగూ ఉంది. ఇంకో కోపం ఉంది, అది మనవాళ్ల మీద. నేను పని మీద ఎక్కడెక్కడో తిరిగాను. కడప అని చెప్పగానే ఎదుటివాడి కళ్లు నా నడుము వైపు పోయేవి, కత్తి దోపుకున్నానేమోనని. సినిమా తీస్తే మేము సుమోల్లో వచ్చి నరుకుతాము తప్ప వేరుశనక్కాయలు పెరకము, పిల్లల్ని బడికి పంపము, జ్వరమొస్తే ఆస్పత్రికి పోము. దాని మీద మేము ఎంత మండిపడతామో! ఆ మండిపడే నోళ్లే బాగ్దాద్ అనగానే, అమ్మో అంటాయి. పేల్చినవాడిదే ఊరయితే, పొద్దున్నే లేచి రొట్టె కాల్చినవాడిది కాదా?

మా వీధిలో ఒక సాయిబు ఉన్నాడు. ఇద్దరం ఒకే బండల అంగట్లో పనిచేసినవాళ్లం, మామా అంటే మామా అనుకుంటాం. బాగ్దాద్‌లో ఉన్న పెద్ద పీరు దర్గాకు ఏడాదికోసారి యాత్రికులను తీసుకుపోతాడు. ఈసారి ఒక సీటు మిగిలిందన్నాడు. మా కడప దర్గాకు నేను ఎన్నిసార్లు పోలేదు? అక్కడికీ పోతాను. "మా గుంపులో అందరూ ముసలోళ్లే మామా, మోకాళ్లు బాగుండేది నీకే. నువ్వు తోడొస్తే వాళ్లకే మేలు" అన్నాడు. శనివారం లోగా పాస్‌పోర్టు ఇవ్వాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మా ఇంటామెను అడిగితే, "పోయిరా. ఆ తూము మాట వినీ వినీ నా చెవులు మూసుకపోయినాయి, అదొకటి తెరిచి వస్తే నా చెవులూ తెరుచుకుంటాయి" అంది.

గురువారం కర్నూలు బస్సెక్కాను. మా అమ్మాయి బడి నుంచి వచ్చి వంటింట్లో ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చాయ్ పెట్టింది, అది నా చేతికిచ్చి అటు తిరిగి ఉల్లిగడ్డలు కోస్తూ మాట్లాడింది.

"నాయనా, ఆ ముసలామె బతికుండదు. ఆ ఇల్లు ఉండాదో లేదో. ఉన్నా నువ్వు గుర్తుపట్టలేవు. ఏముండాదని పోతావు? నీకేమన్నా అయితే నేను ఎవురికి చెప్పుకోవాల?"

ఆమె బతికి ఉండదని నాకూ తెలుసన్నాను. తెలిసే పోతున్నానన్నాను.

"ఆడ బాంబులు పడ్తాయని లోకమంతా చెప్తాంటే నీకొక్కనికే వినపడదా?"

"ఈడ పడ్తాయని కూడా లోకమంతా చెప్పింది గదమ్మా" అన్నాను.

కత్తిపీట ఆగింది. ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలిసింది. టీచరు ట్రెయినింగుకు కోస్తాలో చేరినప్పుడు, హాస్టలు గదిలో తోటి అమ్మాయి తల్లిదండ్రులు వచ్చి, కడప పిల్లతో మా పిల్లను ఉంచొద్దు, గది మార్చమని గొడవ చేశారు. ఆ రోజు మా అమ్మాయి ఫోనులో ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు. ఏడవద్దమ్మా, ఆ పిల్లను సెలవులకు మన ఇంటికి తోడుకుని రా అన్నాను. ఆ పిల్ల ఇంట్లో అబద్ధం చెప్పి వచ్చింది. నాలుగు రోజులుంది. మొదటి రోజు గేటు చప్పుడైతే ఉలిక్కిపడింది. మూడో రోజు సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి తిని, మధ్యాహ్నం చల్లటి నాపరాతి నేల మీద చాప కూడా లేకుండా నిద్రపోయింది. ఇప్పటికీ మా అమ్మాయికి మంచి అయినా చెడు అయినా మొదట ఫోను చేసేది ఆ పిల్లకే.

"ఆ పిల్ల టికెట్టును వాళ్ల నాయన బీరువాలో పెట్టి తాళమేసింటే?" అన్నాను.

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. ఉల్లిగడ్డలని చెప్పి కళ్లు తుడుచుకుంది. నేనూ నమ్మినట్టే ఊరుకున్నాను. భోజనాలయ్యాక లోపలికి పోయి పాస్‌పోర్టు తెచ్చి నా ముందు పెట్టింది. ప్లాస్టిక్ కవరు కూడా తొడిగింది.

"నేను సరే అనలా. నాకు భయం పోలేదు, పోదు కూడా. రోజూ ఫోను చెయ్యాల." కవరు అంచు సర్దుతూ, "రసమట్టం తీసుకపోతాండావా?" అంది.

నేల సమంగా ఉందో లేదో చూసే ఆ చిన్న పనిముట్టు అప్పటికే నా పెట్టెలో ఉంది. తలూపాను.

"చేతిసంచిలో పెట్టొద్దు, విమానం కాడ పెరుక్కుంటారు. పెద్ద పెట్టెలో అడుగున పెట్టు. ఉలి కూడా."

శనివారం పొద్దున పాస్‌పోర్టు సాయిబు మామ చేతిలో పెట్టాను. వచ్చే నెల ప్రయాణం. ఆ సందు దొరికితే, ఆ ఇల్లుంటే, తలుపు తట్టి, ఎవరుంటే వాళ్లను బిందెడు నీళ్లు అడుగుతాను. ఆ ఇల్లు లేకపోతే నది గట్టున కూర్చుని, గంటన్నర ఓపిక పట్టి, చేప కాలేదాకా చూసి వస్తాను. నిన్న మా వసారా కడిగినప్పుడు నీళ్లు గడప దాటి వీధిలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. నలభై ఏళ్లు ఎటు పోయాయా అని ఇన్నాళ్లూ వెతుక్కున్నాను గానీ, అవి ఎక్కడికీ పోలేదు, నా చేతులు ఇచ్చిన వాటం వెంట ఆ పెద్దమ్మ సందులోకి పారుతూనే ఉన్నాయి.