అవ్వ వాకిట్లో ఎర్ర లైటు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను మస్కట్‌కు దూరంగా ఉన్న ఇబ్రి ఊరి చివర ఒక పెద్ద ఇంట్లో డ్యూటీకి పెట్టారు. పేరుకు వంటమనిషిని. అసలు పని, కాలు జారి పడి లేచిన పెద్దావిడను చూసుకోవడం. ఆమెను మా కడప వాడుకలో అవ్వా అనే పిలిచేదాన్ని, ఆమె పలికేది.

అవ్వ కొడుకు మస్కట్‌లో, అల్ ఖువైర్‌లో ఆఫీసు ఉద్యోగి. తల్లి గదిలో కెమెరా పెట్టించి ఫోన్‌లో చూసుకునేవాడు. వైఫై డబ్బా మగవాళ్లు కూర్చునే మజ్లిస్‌లో ఉండేది. అవ్వ గది లోపలి వాకిలికి ఆ చివర. అంత దూరం అందదని వాకిట్లో రిపీటర్ పెట్టారు. అది మజ్లిస్ సిగ్నల్‌ను పట్టి అవ్వ గదికి అందిస్తుంది. పచ్చ లైటు ఉంటే అందుతున్నట్టు, ఎరుపైతే తెగినట్టు. మాది తెగుతూనే ఉండేది. చివరికి కొడుకు విసిగిపోయాడు. శుక్రవారం తను వచ్చేలోపు బాగుపడకపోతే అమ్మను మస్కట్‌లోని తన ఫ్లాట్‌కు తీసుకుపోతానన్నాడు. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. ఈ ఇల్లు వదలనని గోడవైపు తిరిగి పడుకుంది.

వైఫై మెకానిక్ రాజేశానిది జగిత్యాల. అతను వచ్చినప్పుడల్లా పచ్చ లైటే వెలిగేది. మూడోసారి అతనికి కోపం వచ్చింది.

“నేనొస్తే మంచిగ నడుస్తది, పోంగనే బంద్ అయితది. నన్ను జూసి భయపడుతున్నదా అక్కా?”

“నిన్ను చూసి ఈ ఇంట్లో పిల్లి గూడా భయపడదు లేప్పా. చుట్టాలొచ్చినప్పుడే తెగతాంది.”

“మరి అందరు ఫోన్లు వట్టుకొని కూసుంటరు. లోడ్ పడుతది.”

“నిన్న వచ్చినోళ్లు ముసలోళ్లప్పా. వాళ్ల కాడ ఫోన్లే లేవు.”

ఆ మాట అంటుండగానే నాకు తట్టింది. చుట్టాలు రాగానే మజ్లిస్‌కూ లోపలి వాకిలికీ మధ్య ఉన్న ఇనుప తలుపు మూస్తాం. ఆడవాళ్లు బయటి మగవాళ్ల కంట పడకూడదు. అది మూయడం నా డ్యూటీలో భాగమే. రాజేశం నిచ్చెనతో వచ్చేదీ ఆ తలుపులోంచే కాబట్టి, అతను వెళ్లేదాకా అది బార్లా తెరిచే ఉండేది.

అతన్ని రిపీటర్ దగ్గరే నిలబెట్టి తలుపు మూసి గడియ పెట్టాను. కాసేపటికి లైటు ఎర్రబడింది. తెరిస్తే మళ్లీ పచ్చబడింది. రాజేశం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

తలుపు తెరిచి ఉంచమని ఆ ఇంట్లో ఎవరినీ అడగలేం. రిపీటర్‌నే కదపాలి. వంటింట్లో మజ్లిస్ వైపు అద్దాల కిటికీ ఒకటుంది, చూపించాను. రాజేశం పొయ్యికి దూరంగా, ఆ కిటికీ పక్కన ప్లగ్గు పాయింటు లాగి రిపీటర్ బిగించాడు. ఈసారి తలుపు మూసిపెట్టే ఇద్దరం అవ్వ గదిలో ఫోన్ పట్టుకుని చూశాం. బొమ్మ నిలబడింది.

శుక్రవారం మజ్లిస్ నిండా చుట్టాలు. కొడుకు అక్కడే కూర్చుని ఫోన్ తెరిచాడు. “ఖలాస్, అమ్మ ఇక్కడే ఉంటుంది,” అని అందరికీ చెప్పడం మూసిన తలుపు ఇవతల నుంచి విన్నాను. వెంటనే వెళ్లి అవ్వకు చెప్పాను. అవ్వ పళ్లెం అడిగింది. రెండు ముద్దలు తిని ఉప్పు తక్కువైందని తిట్టింది.

ఆ తర్వాత ఏసీ చెడినా, నీళ్ల మోటరు చెడినా, మెకానిక్ రాగానే ఇల్లు రోజూ ఉండే తీరులోనే పెట్టి చూపించేదాన్ని. పని మానుకుని మా ఊరికి వచ్చేదాకా ఆ పద్ధతి తప్పలేదు. మెకానిక్ కోసం ఇల్లు మారితే, చెడిందేదో అతనికి కనబడదు.