కార్డు అమ్మని అక్క

దువ్వాడ స్టేషన్ దగ్గర కంప్యూటర్లు అమ్మే అక్క, ఎవరు గేముల కోసం ఏ కార్డు అడిగినా ముందు "ఏటి ఆడతావ్?" అనేది.

చవక గ్రాఫిక్స్ కార్డు కోసం వెళ్లిన నాకు, రెండు కంప్యూటర్లలో నేను చెప్పిన క్రికెట్ గేమే పెట్టింది. ఒకదానిలో ఆ కార్డుంది, రెండోదానిలో ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్సే. ఏది ఏదో చెప్పలేదు. అరగంట ఆడి, కార్డున్నది ఇదేనని ధీమాగా చూపించాను. అది కార్డు లేనిది.

"నీ కంటికే తేడా తెల్నప్పుడు కార్డెందుకు, తమ్ముడూ? ఇంకో ర్యామ్ ఏయించుకో, సాలు," అంది.

కొనడానికే వచ్చానన్నా వినలేదు.

ఇప్పుడు నేను సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తున్నాను. కొత్త ఫోను అడిగినవాళ్లని పాతదానికేమైందని అడుగుతాను. మా ఓనరు రెండుసార్లు మందలించాడు. అయినా మానలేదు.