ఎనభై తొమ్మిది

బిలాస్‌పూర్‌లో, స్టేషను వెనుక ఒక రైల్వే ఆఫీసులో జగన్నాథం గుమాస్తా. ఏ కాగితం ఎన్ని రోజులుగా కదలకుండా ఉందో నెలాఖరుకు నివేదిక రాయడం అతని పని. ఎడమ పిడికిలి కణుపుల మీద నెలలు లెక్కపెట్టేవాడు. ఎత్తు కణుపుకు ముప్ఫై ఒకటి. పల్లానికి ముప్ఫై. ఫిబ్రవరి పల్లం దగ్గర కాసేపు ఆగేవాడు.

తొంభై రోజులు నిండిన కాగితం పై అధికారి బల్ల మీదకు వెళ్ళాలి. అక్కడ ఏదో ఒకటి తేలుతుంది.

ఆ నివేదిక పట్టికలో అతని కాగితం కూడా ఉంది. భార్య ప్రసూన విజయనగరంలో టీచరు. వాల్తేరుకు బదిలీ కోరుతూ ఎనభై తొమ్మిది జనవరిలో రాసుకున్న అర్జీ అది. తొంభై దగ్గర పడినప్పుడల్లా హెడ్ క్లర్కు రమణమూర్తి పిలిచేవాడు.

"ఏటి జగన్నాథం, మళ్ళీ నీదేనా? తొంభై దాటితే నన్నడుగుతారు. ఓ రిమైండర్ రాసీ. తేదీ కొత్తదైపోద్ది."

రాసేవాడు. లెక్క ఒకటి నుంచి మొదలయ్యేది. మూడేళ్ళు గడిచాయి.

తొంభై రెండు జనవరి ఇరవైన కూతురు పుట్టింది. పదకొండో రోజు పురుడు. ఇరవైకి పదకొండు కలిపి, ముప్ఫై ఒకటో తేదీన విజయనగరంలో రైలు దిగాడు. పురుడు ముందు రోజే అయిపోయింది.

"పుట్టిన రోజు లెక్కలోకి రాదేటండీ మీ ఆఫీసులో?" అంది ప్రసూన. పిల్లను మాత్రం చేతికిచ్చింది.

ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన నివేదిక రాస్తున్నాడు. అతని చివరి రిమైండరు డిసెంబరు రెండుది. తీసివేస్తే ఎనభై తొమ్మిది. పిడికిలి వైపు చూశాడు. కాగితం అందిన రోజును కూడా కలిపాడు. తొంభై అని రాశాడు. రమణమూర్తి ఆ రోజు సెలవు. నివేదిక పైకి వెళ్ళింది.

మార్చి మూడో వారంలో జవాబు వచ్చింది. రమణమూర్తి చదివి వినిపించాడు. ఒక వరుసలో మొదటి రోజు కలిపారు, మిగతా వాటిలో వదిలేశారు. మూడేళ్ళ నివేదికలన్నీ ఒకే పద్ధతిలో మళ్ళీ లెక్కించి పంపాలి. అది పూర్తయ్యేవరకు ఈ గుమాస్తాను సీటు నుంచి కదపరాదు.

"మొదటి రోజు ఎందుకు కలిపేవు?"

"పురుడికి కలుపుతాం కదండీ."

"అచ్ఛా. పురుడు నీ ఇంట్లో చేసుకో బాబూ, ఇక్కడొద్దు." నవ్వలేదు. పాత నివేదికల కట్ట బల్ల మీద పెట్టాడు. "ఏ పద్ధతని పైవాళ్ళని అడిగేను. తీసివేతేనట."

జగన్నాథం ముందుగా ఫిబ్రవరి నివేదిక తీశాడు. తన వరుసలో తొంభై కొట్టేసి, పైన ఎనభై తొమ్మిది రాశాడు. తర్వాత కట్ట అడుగు నుంచి మొదటి నివేదిక లాగాడు. ఎనభై తొమ్మిది జనవరి.

పిడికిలి బిగించాడు.